వర్చువల్ డిస్క్‌లోని లినక్స్‌ను అసలు మెషీన్‌లోకి దించే ముందు

వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఏడాదిగా నడుస్తున్న లినక్స్‌ను కొత్త ఎస్‌ఎస్‌డీలోకి మార్చాలనుకుంటున్నారా? కాపీ దానంతట అదే అవుతుంది, టెన్షనంతా దానికి ముందూ వెనకా ఉంటుంది. మెషీన్ బూట్ కానప్పుడు తల పట్టుకునే బదులు, వీఎం (అంటే ఆ వర్చువల్ మెషీన్) ఇంకా నడుస్తుండగానే సగం పని ముగించుకోండి.

ముందు సైజు చూసుకోండి. వీఎం డిస్క్ అంతా ఉండే వీడీఐ ఫైలు 18 జీబీయే కనిపిస్తోందని సంబరపడకండి. అది వాడిన మేరకే పెరిగే ఫైలు. ఎస్‌ఎస్‌డీ మీద నేరుగా రాయగలిగే రా ఇమేజ్‌గా మారిస్తే మొదట్లో డిస్క్‌కు ఇచ్చిన సైజంతా వస్తుంది. ఇక్కడో తిరకాసుంది. వర్చువల్‌బాక్స్ 500 జీబీ అంటే 1024 లెక్క, ఎస్‌ఎస్‌డీ డబ్బా మీది 500 జీబీ 1000 లెక్క. మొదటి లెక్కలో చూస్తే ఆ ఎస్‌ఎస్‌డీ 465 జీబీయే, కాబట్టి పట్టదు. స్నాప్‌షాట్‌లుంటే (వీఎం అప్పటి స్థితిని దాచుకున్నవి) వాటినీ ముందే కలిపేయాలి. లేదంటే మొదటి స్నాప్‌షాట్ తీసిన రోజు దగ్గరే ఆగిపోయిన సిస్టం చేతికొస్తుంది.

ఇక ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, అంటే బూట్ మొదట్లో డ్రైవర్లతో లోడయ్యే చిన్న ఫైల్ సిస్టం. ఉబుంటు, డెబియన్‌లు మామూలుగా చాలా డ్రైవర్లను అందులో పెట్టుకుంటాయి కాబట్టి భయం తక్కువ. ఫెడోరా, ఆల్మా లాంటివి మాత్రం ఆ వీఎంకు కావాల్సినవే పెట్టుకుంటాయి. కొత్త మెషీన్‌లో ఎన్‌వీఎంఈ (ఒక రకం ఎస్‌ఎస్‌డీ) డ్రైవర్ లేక, సిస్టం ఉండే రూట్ పార్టిషన్ దొరకదు, బూట్ మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే వీఎంలోనే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను తయారు చేసే డ్రాకట్‌ను 'నో హోస్ట్‌ఓన్లీ' (ఈ మెషీన్‌వే కాక మిగతా డ్రైవర్లూ పెట్టే) ఆప్షన్‌తో ఒకసారి నడిపేయండి. ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఎస్‌డీఏ1 లాంటి పేర్లుంటే తీసేసి యూయూఐడీలు (మెషీన్ మారినా మారని పార్టిషన్ గుర్తింపులు) రాయండి.

వీఎం సెట్టింగుల్లో ఈఎఫ్‌ఐ (కొత్త బూట్ పద్ధతి) టిక్ లేకపోతే అది పాత బయోస్ పద్ధతిలో బూట్ అవుతున్నట్టే. ఇప్పటి మెషీన్లు చాలావాటిలో ఆ పద్ధతే లేదు. అలాంటప్పుడు ఫ్యాట్32లో ఒక ఈఎఫ్‌ఐ పార్టిషన్ పెట్టి, లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిచే పెన్‌డ్రైవ్) నుంచి చ్‌రూట్ చేసి, అంటే డిస్క్‌లోని సిస్టంలోకి దిగి, బూట్ చేయించే గ్రబ్‌ను మళ్లీ ఎక్కించాలి. లైవ్ యూఎస్‌బీని ముందే తయారు చేసి, అది ఆ మెషీన్‌లో బూట్ అవుతుందో లేదో చూసి పెట్టుకోండి.

అసలు గండం, ఆ రా ఇమేజ్‌ను ఎస్‌ఎస్‌డీ మీద రాసే డీడీ కమాండ్. అది 'ఖాయమేనా?' అని అడగదు. నేనొకసారి రాయాల్సిన డిస్క్ పేరు ఎస్‌డీబీ అని గుర్తుపెట్టుకుని, టీకి వెళ్లొచ్చి, మధ్యలో రీబూట్ చేసిన సంగతి మరిచి ఎంటర్ కొట్టాను. పేర్లు తారుమారయ్యాయి, ఎస్‌డీబీ ఇప్పుడు నా బ్యాకప్ డిస్క్! రెండు సెకన్లలో కంట్రోల్ సీ నొక్కినా పార్టిషన్ టేబుల్ (డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక) పోయింది. అప్పట్నుంచి ఎంటర్ కొట్టే ముందు డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో సైజు, మోడల్, సీరియల్ నంబరు మూడూ చూస్తాను. కొట్టేది కూడా ఎస్‌డీబీ అని కాదు, 'డిస్క్ బై ఐడీ' ఫోల్డర్‌లోని పొడుగాటి పేరు. అవసరం లేని డిస్కుల కేబుళ్లు పీకేస్తే ఇంకా మంచిది. చాదస్తమంటారు, అననివ్వండి.

మొదటిసారి బూట్ చేసేటప్పుడు మానిటర్, కీబోర్డు దగ్గరుండాలి, నెట్ మీదుగా లాగిన్ చేయించే ఎస్‌ఎస్‌హెచ్‌ను నమ్ముకోకండి. వీఎంలో ఈఎన్‌పీ0ఎస్3గా ఉన్న నెట్‌వర్క్ కార్డు ఇక్కడ ఇంకో పేరుతో వస్తుంది. నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్‌లో పాత పేరే ఉంటే నెట్ రాదు. వైఫై కార్డుకు ఫర్మ్‌వేర్ కావాల్సి రావచ్చు కాబట్టి ల్యాన్ కేబుల్ పక్కన పెట్టుకోండి.

అంతా బాగుందనిపించినా వీఎంను రెండు మూడు వారాలు డిలీట్ చేయకండి. కాకపోతే రెండింటినీ ఒకే నెట్‌వర్క్‌లో ఒకేసారి ఆన్ చేయొద్దు. స్టాటిక్ ఐపీ (మారకుండా పెట్టిన నెట్‌వర్క్ అడ్రస్) ఉంటే రెండూ కొట్టుకుంటాయి.