యూఎస్‌బీ డ్రైవర్‌లో వెండర్ ఐడీ, ప్రాడక్ట్ ఐడీ సరిగ్గా పెట్టడం ఎలా

బెంగళూరు ఎస్పీ రోడ్‌లో దొరికే చవక బోర్డుల్లో చాలావాటి మీద సీహెచ్340 అనే యూఎస్‌బీ-సీరియల్ చిప్ ఉంటుంది. లైనక్స్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే కమాండ్) కొడితే 1ఏ86:7523 అని చూపిస్తుంది. మొదటిది వెండర్ ఐడీ, రెండోది ప్రాడక్ట్ ఐడీ, ఒక్కోటి 16 బిట్లు. ఈ నంబర్ చిప్‌ది, మీ బోర్డుది కాదు. వెనకాల ఉన్నది త్రీడీ ప్రింటరైనా, టెంపరేచర్ మీటరైనా అదే నంబర్ కనబడుతుంది.

దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో ఉబుంటు 22.04 వాడినవాళ్లకు తెలుసు. బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం ఉండే బీఆర్‌ఎల్‌టీటీవై సర్వీసు, ఒక బ్రెయిలీ పరికరంలో ఇదే చిప్ ఉందని 1ఏ86:7523ని తన రూల్స్‌లో పెట్టుకుంది. బోర్డు గుచ్చగానే టీటీవైయూఎస్‌బీ0 అనే సీరియల్ పోర్టు వస్తుంది, మరుక్షణం మాయమవుతుంది. కేబుల్ మార్చి లాభం లేదు. డీమెసేజ్ చూపే కెర్నల్ లాగ్‌లో బీఆర్‌ఎల్‌టీటీవై పేరు కనబడితే దొంగ దొరికినట్టే. ఆ సిస్టమ్‌లో బ్రెయిలీ డిస్‌ప్లే ఎవరూ వాడకపోతే ఆ ప్యాకేజీ తీసేయండి.

కాబట్టి అమ్మే ప్రాడక్ట్‌కి సొంత ఐడీ ఉండాలి. వెండర్ ఐడీని యూఎస్‌బీ-ఐఎఫ్ సంస్థ డబ్బు తీసుకుని ఇస్తుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టయితే పిడ్ డాట్ కోడ్స్ వాళ్లు తమ 1209 అనే వెండర్ ఐడీ కింద ప్రాడక్ట్ ఐడీ ఉచితంగా ఇస్తారు, గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ పెడితే చాలు. బెంచ్ మీద ప్రయోగాలకు 1209:0001 ఉంది, అది మాత్రం గది దాటకూడదు. ఎవరిదో నంబర్ అరువు తెచ్చుకుంటే కస్టమర్ మెషీన్‌లో వాళ్ల డ్రైవర్ మీ పరికరానికి అతుక్కుంటుంది, మీ డ్రైవర్ వాళ్ల పరికరానికి అతుక్కుంటుంది.

ఇక డ్రైవర్‌లోని ఐడీ టేబుల్, అంటే ఆ డ్రైవర్ ఏయే పరికరాలకు పనిచేస్తుందో చెప్పే జాబితా. యూఎస్‌బీ_డివైస్ మ్యాక్రోతో ఒక ఎంట్రీ రాస్తే అది ఆ పరికరంలోని అన్ని ఇంటర్‌ఫేస్‌లకూ (ఒకే పరికరంలోని వేర్వేరు పనుల భాగాలకు) మ్యాచ్ అవుతుంది, ఒక్కోదానికి ప్రోబ్ (ఇది నీదేనా అని కెర్నల్ పిలిచే డ్రైవర్ ఫంక్షన్) విడిగా వస్తుంది. మీ పరికరంలో ఇంటర్‌ఫేస్ 0 కీబోర్డు, 1 మీ సొంతది అనుకుందాం. ప్రోబ్ ఏమీ చూడకుండా సున్నా (నాదే అని అర్థం) తిరిగిస్తే కీబోర్డు కూడా మీ డ్రైవర్ చేతికొచ్చి పనిచేయడం మానేస్తుంది. యూఎస్‌బీ_డివైస్_ఇంటర్‌ఫేస్_నంబర్ వాడి 1 అని కచ్చితంగా చెప్పండి. ప్రోబ్‌లో మీది కాదని తేలితే మైనస్ ఈనోడెవ్ అనే ఎర్రర్ కోడ్ ఇవ్వండి, అప్పుడే వేరే డ్రైవర్‌కి అవకాశం దక్కుతుంది. డిస్క్రిప్టర్‌లోని (పరికరం తన గురించి చెప్పే సమాచారంలోని) ఐడీ లిటిల్ ఎండియన్, అంటే చిన్న బైటు ముందు ఉంటుంది; పోల్చేముందు దాన్ని ప్రాసెసర్ క్రమంలోకి మార్చే ఎల్ఈ16_టు_సీపీయూ మర్చిపోవద్దు. ఎక్స్86 కూడా లిటిల్ ఎండియనే కాబట్టి దాని మీద ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు, అదే దీనితో చిక్కు.

టేబుల్ చివర ఖాళీ ఎంట్రీ తప్పనిసరి. తర్వాత మాడ్యూల్_డివైస్_టేబుల్ లైను. ఇది లేకపోతే మాడ్‌ప్రోబ్‌తో చేత్తో ఎక్కిస్తే అంతా బాగానే నడుస్తుంది, గుచ్చినప్పుడు మాత్రం తనంతట తాను లోడ్ కాదు. మాడ్‌ఇన్ఫో కొడితే ఏలియాస్ లైన్లు (ఏ ఐడీలకు ఈ మాడ్యూల్ లోడ్ కావాలో చెప్పేవి) కనబడాలి. పీసీఐ కార్డుల్లోనూ ఇదే పద్ధతి: ఒకే చిప్‌తో వేర్వేరు కార్డులుంటే, కార్డును గుర్తించే సబ్‌సిస్టమ్ ఐడీలు కూడా ఇవ్వాలి, పీసీఐ_డివైస్ మ్యాక్రో వాటిని ఏదైనా సరే అని వదిలేస్తుంది.

హార్డ్‌వేర్ చిన్న రివిజన్‌కి కొత్త ప్రాడక్ట్ ఐడీ అక్కర్లేదు, డిస్క్రిప్టర్‌లోని రివిజన్ నంబరైన బీసీడీడివైస్ పెంచితే చాలు. విండోస్ తన ఓఎస్ డిస్క్రిప్టర్ (పరికరం విండోస్ కోసం ప్రత్యేకంగా ఇచ్చే సమాచారం) గురించి వెండర్, ప్రాడక్ట్, రివిజన్ మూడూ కలిపి ఒకసారి గుర్తుపెట్టుకుంటుంది. ఫర్మ్‌వేర్‌లో దాన్ని మార్చి రివిజన్ మార్చకపోతే మళ్లీ అడగదు.

సీరియల్ నంబర్ కూడా ఒక్కో పీసుకి వేరుగా రాయండి. మామూలు సీహెచ్340లో అది ఉండదు. అలాంటివి రెండు ఒకే హబ్‌కి పెడితే బై-ఐడీ లింకు (ఐడీ, సీరియల్‌తో లైనక్స్ పోర్టుకి పెట్టే స్థిరమైన పేరు) రెండింటికీ ఒకటే, కాబట్టి ఏదో ఒకటే మిగులుతుంది. అక్కడ ఏ యూఎస్‌బీ పోర్టులో ఉందో దాన్నిబట్టి పేరు పెట్టే బై-పాత్ లింకు వాడాలి, అంటే పోర్టు మార్చకూడదు.

చివరి పరీక్షకు మాడ్యూల్‌ని అన్‌లోడ్ చేసి, మాడ్యూళ్ల జాబితాను మళ్లీ తయారుచేసే డెప్‌మాడ్ -ఏ నడిపి, పరికరాన్ని పీకి మళ్లీ గుచ్చండి. మాడ్‌ప్రోబ్ కొట్టకుండానే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ -టీలో ఇంటర్‌ఫేస్ 1 పక్కన మీ డ్రైవర్ పేరు, 0 పక్కన కీబోర్డు డ్రైవరైన యూఎస్‌బీహిడ్ ఉండాలి.