కెనడాలో పుట్టిన పాప పాస్‌పోర్టుకు గ్యారంటర్ సంతకం ఎవరిచేత పెట్టించాలి

విజయనగరంలో ఏ కాగితం మీద సంతకం కావాలన్నా మనకు ముందు గుర్తొచ్చేది గెజిటెడ్ ఆఫీసరే. ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి, కింద రబ్బరు స్టాంపు గుద్దితేనే అది చెల్లుతుందని నమ్మకం. ఈ అలవాటుతోనే మనవాళ్లు కెనడాలో పిల్ల పుట్టాక పాస్‌పోర్టు ఫారంలో గ్యారంటర్, అంటే మనం తనకు తెలుసని హామీ ఇచ్చే మనిషి, సంతకం పెట్టే భాగం చూసి, ఎవరో పెద్ద మనిషిని పట్టుకోవాలని టెన్షన్ పడిపోతారు. పాపను తీసుకుని కంటోన్మెంటులో మా పుట్టింటికి వచ్చిన దగ్గర్నుంచి, అమ్మకు తెలిసినవాళ్ల పిల్లలు అక్కణ్ణుంచి వాట్సాప్‌లో నన్ను అడిగేదీ ఇదే. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

డాక్టరో లాయరో సంతకం పెట్టాలన్న నియమం ఒకప్పుడు కెనడాలోనూ ఉండేది. 2007లో దాన్ని మార్చారు. ఎప్పుడో వెళ్లి స్థిరపడిన పెద్దవాళ్లు ఇప్పటికీ "మీ ఫ్యామిలీ డాక్టర్ని అడగండి" అంటుంటారు. ఆ మాట పట్టుకుని క్లినిక్కుల చుట్టూ తిరగకండి.

గ్యారంటర్‌కు కెనడా పౌరసత్వం ఉండాలి, 18 ఏళ్లు నిండాలి. ఐదేళ్లదో పదేళ్లదో కెనడా పాస్‌పోర్టు ఉండాలి. దాని గడువు తీరిపోయినా ఏడాది దాటకపోతే పర్వాలేదు. ఆ పాస్‌పోర్టుకు అప్లై చేసేనాటికి వాళ్లకు 16 ఏళ్లు నిండి ఉండాలి. అప్లై చేస్తున్న అమ్మో నాన్నో వాళ్లకు కనీసం 2 ఏళ్లుగా స్వయంగా తెలిసి ఉండాలి. పాపతో రెండేళ్ల పరిచయం ఎవరికీ ఉండదు కదా, బిడ్డ గురించి తెలిస్తే చాలు.

చిక్కంతా పౌరసత్వం దగ్గరే వస్తుంది. మన చుట్టూ తిరిగేవాళ్లు, శ్రీమంతానికి వచ్చి ఫొటోలు దిగినవాళ్లు, అందరూ పీఆర్‌లో (పౌరసత్వం లేకుండా శాశ్వత నివాస హక్కు మీద) ఉన్నవాళ్లో వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లో. ఎంత ప్రాణస్నేహితులైనా ఈ సంతకానికి పనికిరారు. పౌరసత్వం ఉన్న పక్కింటివాళ్లకేమో మనం నిన్నగాక మొన్న తెలుసు.

అందుకే వెతుకులాట ఇండియా నుంచే మొదలుపెట్టమంటాను. రెండేళ్ల పరిచయం అన్నారు గానీ, అది కెనడాలోనే అయి ఉండాలని అనలేదు. మేం వెళ్లి అప్పటికి రెండేళ్లు నిండలేదు. మా ఆయనకు కాలేజీలో సీనియర్ ఒకాయన ఉన్నాడు, బొబ్బిలి మనిషి, ముందే వెళ్లి పౌరసత్వం తీసుకున్నాడు. ఆయన్ని అడిగితే నవ్వేశాడు. "నేను గోదాములో పనిచేసేవోణ్ణి తమ్ముడూ, నా సంతకం సెల్లుతాదేటి?" అన్నాడు. భేషుగ్గా చెల్లింది. మీ ఊరివాళ్లు, మీతో చదువుకున్నవాళ్లు, పాత ఆఫీసులో టీమ్ లీడ్, వీళ్లలో అక్కడ స్థిరపడినవాళ్లు ఎవరున్నారో అమ్మానాన్నలను కూడా అడగండి. అమ్మల దగ్గర ఇలాంటి సమాచారం మన కాంటాక్ట్ లిస్టు కంటే నయంగా ఉంటుంది. చుట్టాలు పనికిరారని కొందరు అనుకుంటారు. ఆ నియమం బ్రిటన్‌ది. కెనడాలో మిగతా షరతులు సరిపోతే మీ పెదనాన్న కొడుకైనా పెట్టొచ్చు.

అడిగేటప్పుడు ఒక్క మాట. హామీ సంతకం అనగానే మనవాళ్లకు చీటీపాట జామీను, బ్యాంకు లోను గుర్తొస్తాయి, మొహమాటంగా నసుగుతారు. ఇందులో డబ్బు బాధ్యత లేదని, మీరెవరో తనకు తెలుసనీ ఫొటోలో ఉన్నది ఆ బిడ్డేననీ చెప్పడమేనని ముందే వివరించండి. వాళ్ల పాస్‌పోర్టు నంబరును వాట్సాప్‌లో పంపమనకండి. ఫారం తీసుకెళ్లి వాళ్లచేతే రాయించండి, అదే మర్యాద. సంతకానికి గ్యారంటర్ ఫీజు తీసుకోకూడదు. భీమాళి మామిడితాండ్ర ఫీజు కిందికి రాదని నా అభిప్రాయం.

వాళ్లింటికి వెళ్లేముందే పిల్లల పాస్‌పోర్టు దరఖాస్తు అయిన పీపీటీసీ 155 ఫారంలో మీ భాగమంతా నింపేయండి. ఖాళీ ఫారం మీద సంతకం అడగడం వాళ్లకూ ఇబ్బందే. ఫొటోలు రెండూ ఒకేలా, 50 మిల్లీమీటర్ల వెడల్పు, 70 ఎత్తు ఉండాలి. పాపను పట్టుకున్నవాళ్ల చెయ్యి ఫొటోలో కనబడకూడదు. దిష్టిచుక్క మాత్రం ఆ పూటకు బుగ్గ మీద వద్దు. మా అమ్మ ఫోన్లోనే గొడవపెడితే అరికాలికి పెట్టాను.

ఒక ఫొటో వెనక స్టూడియో పేరు, అడ్రసు, ఫొటో తీసిన తేదీ ఉంటాయి. అదే ఫొటో వెనక గ్యారంటర్, ఇది ఫలానా బిడ్డ ఫొటోయేనని ధ్రువీకరించే వాక్యం రాసి సంతకం పెట్టాలి. ఆ ఇంగ్లీషు వాక్యం సూచనల్లోనే ఉంటుంది, అక్షరం మార్చకుండా ఎక్కించమనండి. నున్నటి కాగితం మీద జెల్ పెన్ సిరా ఆరదు, వేలు తగిలితే అలుక్కుపోతుంది. బాల్ పెన్నుతో, కింద గట్టి అట్ట పెట్టుకుని, అదమకుండా రాయాలి. అదిమితే ఆ గీతలు ముందువైపు పాప ముఖం మీద తేలతాయి. పేరు బర్త్ సర్టిఫికెట్లో ఎలా ఉందో అలాగే ఉండాలి. మనం ఇంటిపేరు ముందు రాసే అలవాటు ఇక్కడ తంటా తెస్తుంది కాబట్టి ఒక చీటీ మీద రాసిచ్చి, చూసి ఎక్కించమనండి. సర్టిఫికెట్ కూడా తల్లిదండ్రుల పేర్లున్న పెద్దదే తీసుకోండి.

పాస్‌పోర్టు ఆఫీసువాళ్లు గ్యారంటర్‌కు ఫోన్ చేసే అవకాశం ఉంది. తెలియని నంబరైనా ఎత్తమని చెప్పండి. గ్యారంటర్ అదే నెలలో ఇండియాకు వస్తున్నారేమో కూడా కనుక్కోండి.

ఎంత వెతికినా ఎవరూ దొరక్కపోతే పీపీటీసీ 132 అనే ఫారం ఉంది, గ్యారంటర్‌కు బదులుగా మీరిచ్చే ప్రమాణ పత్రం. నోటరీ ఎదుటో, కమిషనర్ ఆఫ్ ఓత్స్ (ప్రమాణం చేయించే అధికారి) ఎదుటో సంతకం పెట్టాలి, ఇంట్లో ముందే పెట్టుకుని వెళ్లకూడదు. చాలా ఊళ్లలో సిటీ హాల్లోనే ఈ పని అవుతుంది, కొంత ఫీజు తీసుకుంటారు.

పాప పాస్‌పోర్టు చేతికొచ్చాకే ఇండియా వీసాకు గానీ ఓసీఐకి (విదేశీ పౌరసత్వం ఉన్న భారతీయ మూలాలవాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) గానీ అప్లై చెయ్యగలరు. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమానుకు బిడ్డను తీసుకురావాలనుకుంటే, టికెట్ల కంటే ముందు గ్యారంటర్‌ను మాట్లాడుకోండి.