ఇంటి వీడియో డిస్కులో తీసేసిన దృశ్యాలను తిరిగి చేర్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కుటుంబ వేడుకను చిత్రించిన పాత డీవీడీని మళ్లీ ఎడిట్ చేసి, ఆనాడు నిడివి ఎక్కువైందని తీసేసిన దృశ్యాలను తిరిగి చేర్చాలన్న కోరిక చాలామందికి కలుగుతుంది. ఆ దృశ్యంలో రెండు మాటలు మాట్లాడిన పెద్దవారు ఇప్పుడు లేకపోతే, ఆ రెండు మాటలే మిగతా వీడియో అంతటికంటే విలువైనవవుతాయి. అయితే డిస్కు, క్యాసెట్టు రెండూ వయసు మీరిన వస్తువులే కాబట్టి, ఉన్నదాన్ని కూడా పోగొట్టుకునే ప్రమాదం ఈ పనిలో ఉంది. అందువల్ల ఎడిటింగ్‌కు కూర్చోకముందే కొన్ని సంగతులు తేల్చుకోవాలి.

మొదటిది, తీసేసిన దృశ్యం ఇప్పుడు ఎక్కడ ఉందన్నది. కంప్యూటర్‌లో ఎడిట్ చేసి రాసిన డీవీడీలో అది ఉండదు; కెమెరా క్యాసెట్టులోనో, మెమరీ కార్డులోనో, పాత హార్డ్ డిస్కులోనో వెతకాలి. టీవీకి కలిపి వాడిన డీవీడీ రికార్డరులో తయారైన డిస్కు సంగతి వేరు. డీవీడీ-ఆర్ మీద ఒకసారి రాసినది చెరగదు కనుక, రికార్డరులో తొలగించినా ఆ దృశ్యం పేరు జాబితాలోంచి పోతుందే తప్ప డేటా డిస్కు మీదే ఉంటుంది. మళ్లీ మళ్లీ రాయగలిగే డీవీడీ-ఆర్‌డబ్ల్యూలో మాత్రం ఆ చోట కొత్తది రాసేంతవరకే ఆశ ఉంటుంది. కాబట్టి అటువంటి డిస్కును తిరిగి రికార్డరులో పెట్టవద్దు. ఫైనలైజ్ చేయని, అంటే ఇతర యంత్రాలు చదవగలిగేలా రాత ముగించని డిస్కును కంప్యూటర్ ఖాళీదనుకుని ఫార్మాట్ చేయమంటారా అని అడగవచ్చు. దానికి ఒప్పుకోకుండా, ఐసోబస్టర్ వంటి ప్రోగ్రాముతో డిస్కును చదవడానికి మాత్రమే ప్రయత్నించాలి.

ఆ తరువాత డిస్కు మొత్తాన్ని ఐఎస్ఓ ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా కాపీ చేసుకోవాలి. బొమ్మ, ధ్వని ఉండే వీఓబీ ఫైళ్లను మాత్రమే లాగి పెట్టుకోవడం చాలదు, ఎందుకంటే దృశ్యాల వరుస, చాప్టర్ల వివరాలు ఐఎఫ్ఓ ఫైళ్లలో ఉంటాయి. పైగా వీఓబీ ఫైళ్లు ఒక్కొక్కటి 1 జీబీ దాటకుండా ముక్కలై ఉంటాయి కనుక, వాటిని విడివిడిగా మార్చితే అతుకుల దగ్గర మాటలు తెగిపోవచ్చు. గీతలు పడిన డిస్కును మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తుడవకూడదు. అప్పటికీ చదవకపోతే వేరే డ్రైవులో పెట్టి, డీడీరెస్క్యూ వంటి సాధనంతో చదవగలిగిన భాగాలను ముందు రాబట్టాలి. ఇమేజ్‌ను రెండు వేర్వేరు డ్రైవులలో దాచిన తరువాత అసలు డిస్కును పక్కన పెట్టేయండి.

క్యాసెట్టును ప్లేయరులో పెట్టేముందు రికార్డింగ్ జరగకుండా దాని రక్షణ మీటను జరపాలి. వీహెచ్ఎస్ అయితే అంచున ఉన్న చిన్న పలకను విరిచేయాలి. టేపు మీద బూజు కనిపిస్తే ఇంట్లో ఆడించవద్దు, ఆ బూజు యంత్రంలోకి చేరి ఇతర క్యాసెట్టులకూ అంటుకుంటుంది. చిన్న డిజిటల్ క్యాసెట్టు అయిన మినీడీవీని ఫైర్‌వైర్ అనే కేబుల్ ద్వారా డిజిటల్‌గానే దించుకోవాలి. గంట నిడివికి దాదాపు 13 జీబీ చోటు పడుతుంది.

ఇక అసలు చిక్కంతా అతుకుల దగ్గరే. డీవీడీలో ఎంపెగ్-2 అనే పద్ధతిలో కుదించిన వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. మన దేశపు టీవీ ప్రమాణమైన పాల్ పద్ధతిలో గరిష్ఠంగా 15, అమెరికా ప్రమాణమైన ఎన్‌టీఎస్‌సీలో 18 ఫ్రేములు ఒక గుంపుగా ఉండి, ఆ గుంపు మొదటి బొమ్మ మీద మిగతావి ఆధారపడతాయి. అందువల్ల నాణ్యత తగ్గకుండా కోయాలంటే గుంపు మొదట్లోనే కోయాలి. మరెక్కడ కోసినా అక్కడి భాగాన్ని మళ్లీ ఎన్‌కోడ్ చేయక, అంటే కొత్తగా కుదించి రాయక తప్పదు. ఒక్కో ఫ్రేములో గీత విడిచి గీతగా రెండు సగాలు ఉంటాయి, వాటినే ఫీల్డులంటారు. మినీడీవీ వంటి డీవీ క్యాసెట్టు బొమ్మలో కింది ఫీల్డు ముందు వస్తుంది, డీవీడీలలో చాలావాటికి పై ఫీల్డు ముందు ఉంటుంది. ఈ తేడాను సరిచేయకపోతే నిలకడగా ఉన్న బొమ్మ బాగానే కనిపించి, మనిషి నడవగానే వణుకుతుంది. కనుక కదలిక ఉన్న అరనిమిషం ముక్కతో ముందు పరీక్షించి, టీవీలోనే చూడాలి. డీవీడీ ధ్వని 48 కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది. డీవీ క్యాసెట్టులో 32 కూడా ఉండవచ్చు కాబట్టి దాన్ని మార్చుకుని, ప్రతి అతుకు తరువాత పెదవులకూ మాటకూ పొత్తు కుదిరిందో లేదో చూడాలి.

పాత ఎడిటింగ్‌లో నేపథ్య సంగీతం పరచి ఉంటే పని మరింత కష్టమవుతుంది. డిస్కులో సంగీతమూ మాటలూ కలిసిపోయి ఉంటాయి, చేర్చబోయే దృశ్యంలో ఉత్త మాటలే ఉంటాయి. పాట మధ్యలో దాన్ని చొప్పిస్తే పాట తెగి మళ్లీ అతుక్కున్నట్టు వినిపిస్తుంది. క్యాసెట్టులన్నీ దొరికితే మొత్తం వాటి నుంచే కొత్తగా కూర్చడం మేలు. కొన్నే దొరికితే, పాత కూర్పును కదిలించకుండా ఆ దృశ్యాలను చివర వేరే చాప్టరుగా చేర్చడమే సరైనదని నా అభిప్రాయం.

తీసేసిన దృశ్యాలన్నీ నిడివి కోసమే తీసినవి కావు. ఎవరో ఏడ్చారనో, మాట జారారనో, వారే అడిగితే తీసి ఉండవచ్చు. అందులో ఉన్నవారికి ముందుగా చూపించి, వారు సరేనన్నాకే నలుగురికీ పంచే కాపీలో పెట్టాలి.

నిడివి పెరిగితే నాణ్యత మీద భారం పడుతుంది. 4.7 జీబీ డిస్కులో రెండు గంటలు పట్టాలంటే బొమ్మ, ధ్వని కలిపి సెకనుకు సగటున 5.2 మెగాబిట్లు మించకూడదు. అంతకంటే పెద్దదైతే బొమ్మను ఇంకా కుదించడం కన్నా 8.5 జీబీ డిస్కు వాడడమో, రెండు డిస్కులుగా విడదీయడమో నయం. రాసిన తరువాత అది సరిగా పడిందో లేదో వెరిఫై చేయించి, డిస్కు మీద కాగితం చీటీ అంటించకుండా డిస్కుల కోసం తయారైన పెన్నుతో తేదీ, ఇది ఎన్నో కూర్పో రాయండి. కొత్త డిస్కు మరొక ప్లేయరులో చివరివరకు ఆడేదాకా ప్రాజెక్టు ఫైళ్లను, క్యాసెట్టుల నుంచి దించిన ఫైళ్లను చెరపవద్దు. ఆ తరువాత కూడా క్యాసెట్టుల ఫైళ్లను ఉంచుకోవాలి.