7 అంటే ఏ మండీ, ఏ వారం? ఆర్‌లో మాట్రిక్స్ స్థానాలు వెతికేటప్పుడు వచ్చే చిక్కులు

తిరుపతిలో ఎంఎస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్న మా అక్క కూతురు ప్రాజెక్టు కోసం ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలో, తోతాపురి మామిడి రేట్లతో ఒక మాట్రిక్స్ (అడ్డు, నిలువు వరుసల పట్టిక) వేసుకుంది. అడ్డంగా నాలుగు వరుసలు, ఒక్కో మండీకి ఒకటి: చిత్తూరు, పుత్తూరు, దామలచెరువు, బంగారుపాళ్యం. నిలువుగా ఆరు వారాలు. కిలో పన్నెండు రూపాయలు దాటిన చోట్లు కావాలని, షరతుకు సరిపోయే స్థానాలు చెప్పే ఫంక్షన్‌తో విచ్(రేట్లు > 12) అని కొడితే 7, 14 అని వచ్చాయి. "పిన్నీ, ఉన్నవే ఆరు వారాలు, ఈ పద్నాలుగేంటి?" అని ఫోన్ చేసింది.

ఆర్ మాట్రిక్స్‌ను ఒకే పొడవాటి వరుసగా దాచుకుంటుంది. లెక్క పై నుంచి కిందికి, ఒక నిలువు వరుస అయ్యాక పక్కది. మనం పుస్తకం చదివినట్టు ఎడమ నుంచి కుడికి లెక్కపెడితే 7 అంటే పుత్తూరు, మొదటి వారం అవుతుంది. అసలు అది దామలచెరువు, రెండో వారం. ఎర్రర్ రాదు, తప్పు అలాగే రిపోర్టులోకి వెళ్లిపోతుంది. నాకు అన్నిటికన్నా భయం ఇదే.

విచ్ లోపలే కామా పెట్టి ఎఆర్ఆర్ డాట్ ఐఎన్‌డి = ట్రూ అని చేర్చండి. ట్రూ పెద్ద అక్షరాల్లో ఉండాలి. అప్పుడు 3, 2 అనీ 2, 4 అనీ అడ్డు, నిలువు సంఖ్యలు విడివిడిగా వస్తాయి. అడ్డు వరుసలకు పేర్లు పెట్టి ఉంటే ఎడమ పక్కన దామలచెరువు, పుత్తూరు అని కూడా కనిపిస్తాయి. పేర్లు తప్పకుండా పెట్టుకోండి.

ఆ స్థానాల్లో ఉన్న రేట్లు తీయబోతే రెండుకు బదులు నాలుగు వచ్చాయా? అడ్డు సంఖ్యలను, నిలువు సంఖ్యలను విడదీసి కామాతో ఇచ్చి ఉంటారు. అలా ఇస్తే ఆర్ ప్రతి అడ్డు వరుసను ప్రతి నిలువు వరుసతో కలిపేస్తుంది. ఫలితాన్ని స్థానం అనే పేరుతో దాచుకుని, చదరపు బ్రాకెట్లలో దాన్నే మొత్తంగా ఇవ్వండి: రేట్లు[స్థానం]. జతకు ఒక్క రేటే వస్తుంది.

దశాంశాలున్న చోట, రెండూ సమానమా అని అడిగే == గుర్తును నమ్మకండి. 0.1 + 0.2 == 0.3 అని అడిగినా ఆర్ ఫాల్స్ (కాదు) అంటుంది. తేడా అతి చిన్నదా కాదా అని చూడండి.

అత్యధిక రేటు ఎక్కడుందో వెతికితే ఇంటిజర్(0), అంటే ఏ స్థానమూ దొరకలేదని వచ్చిందంటే, ఎక్కడో ఎన్ఏ (విలువ లేని ఖాళీ) ఉందేమో చూడండి. ఒక్క ఎన్ఏ ఉన్నా, అత్యధిక విలువను ఇచ్చే మాక్స్ కూడా ఎన్ఏ ఇస్తుంది, దానితో పోల్చితే ఏదీ దొరకదు. మాక్స్‌లో ఎన్ఏ డాట్ ఆర్ఎం = ట్రూ (ఎన్ఏలను వదిలెయ్ అని) పెడితే సరిపోతుంది. అయినా అక్కడితో వదిలేయకండి. ఎన్ఏలు ఎక్కడున్నాయో తెలియాలంటే విచ్ లోపల ఇజ్ డాట్ ఎన్ఏ(రేట్లు) వేసి, ఎఆర్ఆర్ డాట్ ఐఎన్‌డితోనే వెతకండి. మా పిల్లకు బంగారుపాళ్యం, ఐదో వారం అని వచ్చింది. నోటుబుక్కు తీసి చూస్తే రేటు రాసే ఉంది, ఎక్కించడమే మర్చిపోయింది.