దద్దుర్లు ఒక్కసారిగా లేస్తే ఏం చేయాలి?

బెంగళూరులో చదువుకో, ఉద్యోగానికో వచ్చి మారతహళ్లి పీజీల్లో ఉంటున్న మన పిల్లలు, ఒంటిమీద దద్దుర్లు లేవగానే మందుల షాపుకు వెళ్లి "దురదకు ఏదైనా క్రీము ఇవ్వండి" అంటారు. దయచేసి ఆ తొందర వద్దు.

ముందు ప్రాణాపాయం ఉందేమో చూడండి. పెదవులు, నాలుక వాచినా, గొంతు బిగుసుకున్నట్టు అనిపించినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా, దద్దుర్లతో పాటు వాంతులు మొదలైనా వెంటనే 108కి ఫోను చేయండి. మాత్ర వేసుకుని చూద్దామని ఆగవద్దు.

అవేమీ లేకపోతే ఒక బాల్ పెన్ను తీసుకుని, ఒక దద్దు అంచు వెంబడి చర్మం మీదే గీత గీయండి. పక్కనే టైము రాసి, ఫొటో తీయండి. గీత లోపలి వాపు 24 గంటల లోపు మచ్చ మిగల్చకుండా దిగిపోయి, ఇంకోచోట కొత్తది లేస్తుంటే అది చాలావరకు అర్టికేరియా అనే దద్దుర్ల జబ్బు. చర్మంలోని మాస్ట్ కణాలనే రక్షణ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదలడంతో సన్నటి రక్తనాళాల నుంచి ద్రవం ఊరి, చర్మం ఉబ్బుతుంది. రోజు దాటినా దద్దు అక్కడే ఉండి నొప్పి పెడుతున్నా, ఊదారంగు మచ్చ మిగిలినా డాక్టరుకు చూపించాలి.

ఆ తర్వాత గుర్తు చేసుకోండి: రొయ్యలు, వేరుశనగ వంటివి తిన్నారా? ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, యాంటీబయాటిక్ ఏదైనా వేసుకున్నారా? పిల్లల్లోనైతే ఎక్కువగా వైరస్ జ్వరాలే కారణం. చాలామందిలో కారణం దొరకనే దొరకదు. అలాంటప్పుడు అనుమానంతో వంకాయ, గుడ్డు అన్నీ మానేసి పత్యం ఉండనక్కరలేదు.

దురద మీద చల్లటి తడిగుడ్డ పది పదిహేను నిమిషాలు ఉంచండి. చలిగా ఉందని మరిగే నీళ్లు పోసుకోవద్దు, దురద రెట్టింపవుతుంది. కాలమైన్ లోషన్ రాయవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు హిస్టమిన్‌ను అడ్డుకునే సెటిరిజిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు ఒకటి వేసుకోవచ్చు. మగతగా ఉంటే బండి నడపవద్దు. పిల్లలు, గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి మాత్రం డాక్టరును అడిగే ఇవ్వాలి.

దురదపెట్టేవన్నీ అర్టికేరియా కావు. ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడితే వయ్యారిభామ మొక్కను అనుమానించండి. ఈ ఊళ్లో ఖాళీ సైట్లలో ఏపుగా పెరిగే ఆ మొక్క పొడి గాలికి లేచి చర్మం మీద పడుతుంది. బయటి నుంచి రాగానే సబ్బుతో కడుక్కోండి, ఆ మొక్కను ఉత్త చేతులతో పీకవద్దు. దురద రాత్రిపూట ఎక్కువై, వేళ్ల సందుల్లో పొక్కులుంటే గజ్జి కావచ్చు. అప్పుడు ఒక్కరికి మందు రాస్తే సరిపోదు. గదిలో ఉన్నవాళ్లందరూ ఒకేసారి వైద్యం చేయించుకోవాలి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి.

గుండ్రంగా పాకుతూ, అంచు ఎర్రగా ఉంటే తామర, అంటే ఫంగస్ వల్ల వచ్చేది. షాపువాళ్లు ఇచ్చే కలగలుపు క్రీములు ఎక్కువ చెడు చేసేది దీనికే. ట్యూబు మీద క్లోబెటసాల్, బెటామెథసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. రెండు రోజులు దురద అణిగి, నయమైందనిపిస్తుంది. ఈలోగా తామర విస్తరిస్తుంది, చర్మం పలచబడుతుంది. తొడల మడతల్లో చారలు పడితే అవి మళ్లీ పోవు.

దద్దుర్లు ఆరు వారాలు దాటినా వస్తూనే ఉంటే చర్మవ్యాధి నిపుణులను కలవండి. విక్టోరియా, బౌరింగ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ చర్మ విభాగాలున్నాయి. వెళ్లేటప్పుడు ఫోనులోని ఫొటోలతో పాటు, ఇప్పటివరకు వాడిన ట్యూబులు, మాత్రల అట్టలు తప్పక పట్టుకెళ్లండి.