పాత ప్లాస్టిక్ పాలసీసా మళ్ళీ వాడవచ్చా? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

పెద్దబిడ్డకు వాడిన పాలసీసాలను కడిగి, మూటగట్టి అటక మీద దాచి, కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు తిరిగి దించడం గోదావరి జిల్లాల ఇళ్ళలో మామూలే. సీసా చూడటానికి కొత్తదానిలాగే ఉండవచ్చు. అయినా బిడ్డ నోటికి అందించే ముందు మూడు విషయాలు వరుసగా తేల్చుకోవాలి: అది ఏ ప్లాస్టిక్‌తో చేసినది, ఎప్పటిది, ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నది. పాత రబ్బరు పీకకు మాత్రం ఈ పరీక్షలేవీ అక్కరలేదు. అది సాగిపోయి, జిగటబారి, కంటికి కనబడని పగుళ్ళు పట్టి ఉంటుంది కనుక దానిని పారవేసి కొత్తది కొనాలి.

మొదట సీసాను తిరగేసి అడుగున చూడండి. త్రిభుజం గుర్తులో 5 అంకె గాని, పీపీ అన్న అక్షరాలు గాని ఉంటే అది పాలీప్రొపిలీన్. 7 అంకె ఉంటే ఒక్క నిర్ణయానికి రాలేము, ఎందుకంటే బిస్ఫినాల్ ఏ (పొట్టిగా బీపీఏ) అనే రసాయనంతో తయారయ్యే పాలీకార్బొనేట్‌కూ, ఆ రసాయనం లేని మరికొన్ని కొత్త ప్లాస్టిక్‌లకూ అదే అంకె వేస్తారు. గుర్తు అరిగిపోయి ఉంటే నీటి పరీక్ష చేయవచ్చు. మూత, పీక, మెడ చుట్టూ బిగించే రింగు తీసివేసి, ఖాళీ సీసాను బకెట్ నీళ్ళలో పక్కకు వంచి, లోపలి గాలి బుడగలన్నీ పోయేదాకా ముంచి వదలండి. పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక కాబట్టి పైకి తేలుతుంది. పాలీకార్బొనేట్ నీటికంటే బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. చేతి స్పర్శ కూడా కొంత చెబుతుంది: పాలీప్రొపిలీన్ కాస్త మసకగా ఉండి వేలితో నొక్కితే లొంగుతుంది, పాలీకార్బొనేట్ అద్దంలా తేటగా, గట్టిగా ఉంటుంది. మునిగిన ప్రతి సీసా పాలీకార్బొనేటే అని చెప్పలేము. అయితే మునిగిన పాత సీసా మీద బీపీఏ లేదన్న ముద్ర స్పష్టంగా లేకపోతే దానిని వాడకూడదన్నదే నా నిశ్చితాభిప్రాయం.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. బిస్ఫినాల్ ఏ శరీరంలో ఈస్ట్రోజన్ హార్మోనును అనుకరించగలదు. సీసాలో వేడి నీళ్ళు పోసినప్పుడు, పదేపదే మరిగించినప్పుడు అది ప్లాస్టిక్ నుంచి పాలలోకి ఎక్కువగా దిగుతుంది. ఐరోపా సమాఖ్య 2011లో పాలీకార్బొనేట్ పాలసీసాలను నిషేధించింది. అమెరికా 2012లో వాటికి అనుమతి తీసివేసింది, కాని తయారీదారులు అప్పటికే వాటిని మానుకున్నారన్నది అక్కడ చూపిన కారణం. ఆ తరువాత అనుమానాలు తగ్గకపోగా పెరిగాయి: ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో, మనిషి రోజూ తట్టుకోగల బిస్ఫినాల్ ఏ పరిమితిని అంతకుముందున్నదానిలో ఇరవై వేలవ వంతుకు కుదించింది. మన దేశంలో పాలసీసాల ప్రమాణం ఐఎస్ 14625ను 2015లో సవరించినప్పుడు ఈ రసాయనానికి చోటు లేకుండా చేశారు.

కాబట్టి 2015కు ముందు కొన్న సీసా అయితే, అది పాలీప్రొపిలీన్ అని రూఢి అయితే తప్ప పక్కన పెట్టండి. కొన్నిటి అడుగున చిన్న గడియారం బొమ్మలా అచ్చు ఉండి, బాణం గుర్తు తయారైన నెలనూ సంవత్సరాన్నీ చూపుతుంది. కోనసీమలో చాలా ఇళ్ళకు కువైట్ నుంచో దుబాయి నుంచో బంధువులు తెచ్చిన సీసాలు ఉంటాయి. వాటి మీద ఐఎస్‌ఐ ముద్ర ఉండదు కనుక అంకె, నీటి పరీక్ష మీదే ఆధారపడాలి. ఇక్కడి దుకాణంలో కొన్నదైతే ఐఎస్‌ఐ ముద్ర ఉండి తీరాలి, 1992 నాటి చట్టం ప్రకారం ఆ ముద్ర లేని పాలసీసాను అమ్మకూడదు.

ప్లాస్టిక్ మంచిదని తేలినంత మాత్రాన పని పూర్తికాదు. సీసాను వెలుతురుకు ఎదురుగా పట్టి లోపలి గోడలు చూడండి. మన వైపు గిన్నెలతోపాటు సీసాలను కూడా కొబ్బరి పీచుతో తోమే అలవాటు ఉంది, దానివల్ల లోపల గీతలు పడతాయి. ఆ గీతలలో పాల జిడ్డు చేరి, ఏడాదిలో ఎక్కువ కాలం గాలిలో తేమ ఉండే ఈ ప్రాంతంలో సీసా సరిగా ఆరక, సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఉప్పుబోరు నీళ్ళు వాడే ఊళ్ళలో గోడలకు తెల్లటి గార కడుతుంది, దాని మాటున జిడ్డు కనబడదు. వేడి నీళ్ళతో కడిగి, మూతపెట్టి ఒక రాత్రి ఉంచి, ఉదయం వాసన చూడండి. పులిసిన పాల వాసన వస్తే వద్దు. రేకుల కింద అటక మీద ఏళ్ళ తరబడి ఎండవేడికి ఉన్న ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, నొక్కితే తెల్లటి చారలు తేలినా, మెడ దగ్గర సన్నని పగులు కనిపించినా అది పనికిరాదు. కొలత గీతలు చెరిగిపోయిన సీసాను కూడా వద్దనే అంటాను, ఎందుకంటే డబ్బాపాలు కలిపేటప్పుడు నీటి కొలత తప్పితే పాలు పలచబడి బిడ్డ బరువు పెరగడం మందగిస్తుంది, చిక్కబడితే అరగక బాధపడుతుంది.

అన్ని పరీక్షలూ దాటిన పాలీప్రొపిలీన్ సీసాను నీళ్ళలో పూర్తిగా మునిగేలా పెట్టి పది నిమిషాలు మరిగించి వాడవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాల పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, పాలీప్రొపిలీన్ సీసాలలో వేడి నీళ్ళతో పాలు కలిపినప్పుడు లీటరుకు 1.6 కోట్ల దాకా సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు రాలుతున్నట్టు తేలింది. అందువల్ల మరిగించిన సీసాను కాచి చల్లార్చిన నీళ్ళతో మూడుసార్లు కడిగి, పాలపొడిని 70 డిగ్రీలకు తగ్గని వేడి నీళ్ళతో స్టీలు గిన్నెలో కలిపి, చల్లారిన తరువాతే సీసాలో పోయాలి. వేసవిలో కాలువలు కట్టేసి చెరువు నీరే దిక్కయిన రోజుల్లో ఆ నీటిని వడగట్టి, తెర్ల కాచిన తరువాతే దీనికి వాడాలి.

ఏ పరీక్షలోనైనా సందేహం మిగిలితే ఆ సీసాను నెయ్యికో, తేనెకో, మందులకో కూడా వాడకుండా, పాత ప్లాస్టిక్ కొనేవారికి ఇచ్చివేయండి. పక్కింటి బిడ్డకు మాత్రం ఇవ్వవద్దు. ఆరు నెలలదాకా బిడ్డకు తల్లిపాలే చాలు; ఏ కారణంచేతనైనా పైపాలు తప్పనప్పుడు మరిగించిన స్టీలు గిన్నె, చెంచా గాని, ఇంట్లో ఉంటే ఉగ్గుగిన్నె గాని సీసాకంటే శుభ్రం చేయడానికి తేలిక. ఉగ్గుగిన్నెతో పట్టేటప్పుడు బిడ్డను కొంచెం ఏటవాలుగా ఒళ్ళో పట్టుకుని, గిన్నె ముక్కును బిడ్డ కింది పెదవికి ఆనించి, బిడ్డ మింగుతున్న కొద్దీ కొంచెం కొంచెంగా పోయాలి.