వర్డ్‌లో పెట్టాక స్క్రీన్‌షాట్ మసకబారిందా? ఎక్కడ పాడైందో ఇలా పట్టుకోండి

ప్రాజెక్టు రిపోర్టుల సీజన్లో శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లో అడిగినా, విజయనగరం కాంప్లెక్స్ దగ్గర అడిగినా డీటీపీ షాపువాళ్ళు చెప్పేది ఒకటే: పిల్లలు వచ్చి "అన్నా, ఔట్‌పుట్ స్క్రీన్లు మసకగా పడ్డాయి, నీ ప్రింటర్ బాలేదు" అంటారని. ప్రింటర్ తప్పు చాలా అరుదు. బొమ్మ షాపుకి రాకముందే ఎక్కడో పాడైపోయి ఉంటుంది, ఒకసారి పాడయ్యాక ఎవరూ బాగుచెయ్యలేరు, కాబట్టి ముందు అది ఎక్కడ జరిగిందో వెతకాలి.

వెతకడం తేలికే. వర్డ్ ఫైలుని కాపీ చేసుకుని, ఆ కాపీ పేరు చివర డాక్స్ (.docx) తీసి జిప్ (.zip) అని పెట్టి తెరవండి. లోపల వర్డ్ ఫోల్డర్లో మీడియా అని ఇంకో ఫోల్డరుంటుంది, మీ బొమ్మలన్నీ అందులోనే ఉంటాయి. వాటి పిక్సెల్ వెడల్పుని (అడ్డంగా ఎన్ని చుక్కలున్నాయో) ఒరిజినల్‌తో పోల్చి, కింద మీ సమస్య ఏదో చూసుకోండి.

సమస్య: బొమ్మ చిన్నదైపోయింది, అక్షరాల చుట్టూ మురికిలా చుక్కలున్నాయి.
వాట్సాప్‌లో ఫొటోగా పంపి ఉంటారు. అది సైజు తగ్గించి జేపెగ్ (కుదించిన ఫొటో ఫైలు) చేసేస్తుంది. జేపెగ్ మనుషుల ఫొటోలకి బాగుంటుంది గానీ తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద నల్ల అక్షరాలకి పనికిరాదు, అంచులన్నీ చెరిపేస్తుంది. ఒరిజినల్ పీఎన్‌జీనే (అంచులు చెరపని బొమ్మ ఫైలు) డాక్యుమెంట్‌గా పంపించుకోండి. వచ్చిన జేపెగ్‌ని పీఎన్‌జీగా మారిస్తే మురికి పోదు, ఫైలు బరువు మాత్రం పెరుగుతుంది.

సమస్య: అతికించినప్పుడు బానే ఉంది, సేవ్ చేసి మళ్ళీ తెరిస్తే మసక.
ఇది వర్డ్ పని, ఎక్కువమంది టెన్షన్ పడేది కూడా దీంతోనే. చాలా కంప్యూటర్లలో వర్డ్ సేవ్ చేసేటప్పుడు బొమ్మల్ని అంగుళానికి 220 పిక్సెళ్ళకి కుదించేస్తుంది. ఏ4 కాగితం వెడల్పు 8.27 అంగుళాలు, రెండు పక్కలా అంగుళం చొప్పున మార్జిన్ పోతే 6.27 మిగులుతుంది, అంటే 1920 పిక్సెళ్ళ స్క్రీన్‌షాట్ దాదాపు 1380కి వచ్చేస్తుంది, అలా కుదిస్తే సన్నటి గీతలు పక్క గీతల్లో కలిసిపోతాయి. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి ఇమేజ్ సైజ్ అండ్ క్వాలిటీ దగ్గర "డు నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్"కి టిక్ పెట్టండి. అక్కడ ఏ డాక్యుమెంట్ పేరుందో చూడండి, ఎందుకంటే ఆ టిక్ ఆ ఒక్క ఫైలుకే వర్తిస్తుంది. ఇప్పటికే కుదించుకుపోయిన బొమ్మల్ని తీసేసి మళ్ళీ పెట్టుకోవాల్సిందే, వేరే దారి లేదు.

సమస్య: పిక్సెళ్ళు సరిపోయాయి, అయినా చదవలేకపోతున్నాం.
మసక కాదిది, అక్షరాలే చిన్నవి. స్క్రీన్ మొత్తాన్ని ఆరంగుళాల్లో ఇరికిస్తే ఇంకేం కనపడుతుంది? బ్రౌజర్‌ని 150 శాతానికి జూమ్ చేసి, విండోస్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కి కావలసిన ముక్క వరకే తీసుకోండి. కింద టాస్క్‌బార్, పక్కన మీ ఇరవై ట్యాబులు ఎగ్జామినర్‌కి అక్కర్లేదు. చిన్న ముక్క తీసి మూలలు పట్టుకుని సాగదీసినా మళ్ళీ మసకే.

సమస్య: పేజ్‌మేకర్‌లో (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) బొమ్మ గళ్ళుగళ్ళుగా కనిపిస్తోంది.
అను ఫాంట్స్‌తో తెలుగు పని చేసే షాపుల్లో ఇది మామూలే. కంగారు పడకండి, అది తెర మీద చూపించే నకలు మాత్రమే. ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ డిస్‌ప్లేని హై రిజల్యూషన్‌కి మార్చి చూడండి. వర్డ్ నుంచి కాపీ చేసి అతికించకుండా, స్క్రీన్‌షాట్‌ని పెయింట్‌లో టిఫ్‌గా (ప్రింటుకి వాడే బొమ్మ ఫైలు) సేవ్ చేసి కంట్రోల్ డీతో ప్లేస్ చెయ్యండి. పెన్‌డ్రైవ్‌లో షాపుకి తీసుకెళ్ళేటప్పుడు ఆ టిఫ్ ఫైళ్ళు కూడా పక్కనే ఉండాలి, పెద్ద బొమ్మలకి పేజ్‌మేకర్ లింకు మాత్రమే పెట్టుకుంటుంది, అది తెగితే ప్రింటులో ఆ గళ్ళే వస్తాయి.

సమస్య: వర్డ్‌లో బాగుంది, పీడీఎఫ్‌లో మసకైంది.
సేవ్ చేసేటప్పుడు మినిమమ్ సైజ్ నొక్కి ఉంటారు, స్టాండర్డ్ పెట్టండి. లిబ్రేఆఫీస్ (వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్) అయితే ఎక్స్‌పోర్ట్ పెట్టెలో లాస్‌లెస్ కంప్రెషన్ ఎంచుకుని, రిజల్యూషన్ తగ్గించే టిక్ తీసెయ్యండి.